ఒరేయ్ పూఫ్, మొత్తం చదివాకే ఫోన్ చెయ్యి

ఒరేయ్ పూఫ్,

ముందు తిట్టేసెయ్, తర్వాత చదువుదువుగాని. నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. మన హంటర్ హంటర్ బొమ్మల కథ గీసే తొగాషి అంతటివాడే 2018 నవంబర్‌లో ఆపేసి మళ్ళీ 2022 అక్టోబర్ దాకా కనిపించలేదు కదా, ఆయన వెనకాల దాక్కుందామా అనుకున్నాను. కానీ ఆయనది నడుం నొప్పి. రెండేళ్ళు కుర్చీలో కూర్చోలేకపోయానని ఆయనే చెప్పుకున్నాడు. నా నడుం నిక్షేపంగా ఉంది. బద్ధకం, అంతే. క్షమించు.

ఇంటి సంగతులు గబగబా చెప్పేస్తాను. అందరూ బాగున్నారు. నాన్నకి షుగరు అదుపులోనే ఉంది, నోరే అదుపులో లేదు. ఆఫీసు ఎప్పటిలాగే ఉంది. పిటూగాడికి సంబంధం కుదిరింది, శ్రావణంలో ముహూర్తం, అమ్మాయికి పిల్లులంటే పడదట (వాడికి ఆ కథలోని పిల్లిమనిషి పేరు పెట్టాం కదా, నువ్వు నవ్వుతావని తెలుసు, వాడికి ఇంకా చెప్పలేదు). స్కూటరు అమ్మేశాను. ఇంకేం లేవు.

ఇప్పుడు అసలు సంగతి. వాట్సాప్‌లో చెబితే నువ్వు ఒక ఏడుపు బొమ్మ పంపి ఊరుకుంటావు. అందుకే కాగితం, పెన్ను పట్టుకున్నాను. మొన్న నువ్వు ఒసాకా నుంచి తెచ్చిచ్చిన పుస్తకం ఉంది చూడు, హంటర్ హంటర్ 30వ సంపుటం, జపానుది. దాన్ని మా మామ్మకి చదివి వినిపించాను. అవునురా, మా మామ్మకే. తెలుగులో. చివరిదాకా.

ఎలా జరిగిందంటే, శుక్రవారం రాత్రి ఊరొచ్చాను. మామ్మకి నీటికాసులతో చూపు పూర్తిగా పోయి మూడేళ్ళయింది, నీకు తెలుసు. ఆ చూపు తిరిగి వచ్చేది కాదని డాక్టరు చెప్పినప్పుడు మేమంతా ఏడిస్తే, ఆవిడ మాత్రం "అయితే ఇంక చుక్కల మందు ఎయ్యక్కర్లేదా?" అని అడిగింది. ఇప్పుడు రోజంతా అరుగు మీద కూర్చుని వామనగుంటలు ఆడుతుంది. పద్నాలుగు గుంటల పీట, గుప్పెడు చింతపిక్కలు. ఎదుట ఎవరూ లేకపోతే రెండు వైపులా తనే ఆడుతుంది. పిక్క గుంటలో పడిన చప్పుడుని బట్టి అందులో ఎన్ని ఉన్నాయో చెప్పేస్తుంది. శనివారం పొద్దున్న నాతో ఆడుతుంటే చూద్దాం కదా అని ఒక పిక్క గుప్పిట్లో ఉంచేసుకున్నాను. రెండు గుంటలు దాటలేదు, నా మణికట్టు పట్టుకుని "ఒకటి నీ సేతిలో ఉండిపోనాది బాబూ" అంది. కోపం లేదు, చిల్లర తక్కువిచ్చిన కొట్టువాడితో చెప్పినట్టు చెప్పింది.

అప్పుడే నాకు ఆ పుస్తకంలోని గుడ్డి ఆటగత్తె కొముగి గుర్తొచ్చింది. మన గోధుమపిల్ల (కొముగి అంటే గోధుమే కదా).

సాయంత్రం కరెంటు పోయింది. అరుగు మీద మామ్మ, పక్కన నేను, ఫోను లైటు వేసుకుని ఆమె కథ ముగిసే అధ్యాయం పట్టుకున్నాను, 318వది. అక్షరాల పక్కన ఎలా పలకాలో చెప్పే చిన్న కానా అక్షరాలు ఉంటాయి కాబట్టి మనం మూడు వారాలు వెళ్ళి మానేసిన జపనీస్ కోచింగ్ ఫీజు ఇన్నాళ్ళకి గిట్టుబాటైంది (ఆ సార్ "సుమిమాసెన్" అన్న తీరు గుర్తుందా? సరే, వద్దులే). కూడబలుక్కుని చదువుతున్నాను. ముక్కు ఎగబీల్చిన చప్పుడు అయిందేమో, మామ్మ వెంటనే అడిగింది. "ఏటైనాది? ఎవులైనా పోనారేటి?"

ఏం చెప్పాలిరా? పోయినవాడు చీమల రాజు.

"సీమలకి రాజేటి?" అంది. అక్కడ దొరికిపోయాను. మొదట్నుంచీ చెప్పాల్సి వచ్చింది. మనుషుల్ని తిని, తిన్నవాళ్ళ తెలివిని తన పిల్లలకిచ్చే రాణి చీమ ఉండేదని, దాని కడుపు చీల్చుకుని ఈ రాజు పుట్టాడని, పుట్టగానే తల్లి వంక కూడా చూడకుండా వెళ్ళిపోయాడని, ఆవిడ చచ్చిపోతూ వాడికి మెరుఎమ్ అని పేరు పెడితే వాడు వినిపించుకునేంత దూరంలో లేడని చెప్పాను. మామ్మ "పాపిష్టోడు" అంది. తర్వాత వాడొక రాజ్యం ఆక్రమించి, పొద్దుపోక ఒక్కో ఆట నేర్చుకుని, ఆ ఆటలో దేశం మొత్తానికీ పెద్ద ఆటగాణ్ణి పిలిపించి ఓడించి చంపేసేవాడని చెప్పాను. "ఆటలో సంపడమేటి, సిగ్గులేదా?" అంది. ఆఖరికి గున్గీ అనే ఆటకి ఒక గుడ్డి పిల్ల వచ్చిందనేసరికి మామ్మ చేతిలో చింతపిక్కలు ఆగాయి.

"గుడ్డిదా?"

"గుడ్డిదే. పేదింటి పిల్ల. ఎప్పుడూ ముక్కు కారుతూ ఉంటుంది."

"సీమల రాజుకి సీమిడిముక్కు గుంటన్నమాట" అంది మామ్మ. ఒరేయ్, ఇన్నేళ్ళుగా ఈ మాట మనకి తట్టనే లేదు చూడు! చీమ, చీమిడి. మన హాస్టల్ చర్చలన్నీ దండగ.

తర్వాత మామ్మ అడిగిన మొదటి ప్రశ్న నువ్వు ఊహించలేవు. "ఆ గుంటకి తిండెట్టాడా?" అంది.

వాడు ఎంత ఆడినా ఆమెని ఒక్కసారి కూడా గెలవలేడని చెప్పాను. ఎత్తు వేసేటప్పుడు అంకెలు పైకి చెబుతారు, అందుకే ఆమెకి కళ్ళు అక్కర్లేదని చెప్పాను. పందెం సంగతి కూడా చెప్పాను. నీకు గుర్తే ఉంటుంది. ఆమె మనసు చెదరగొడదామని, ఓడితే నీ ఎడమ చెయ్యి ఇవ్వాలి, గెలిస్తే ఏం కావాలంటే అది ఇస్తానంటాడు. ఆమె తడబడుతుంది. భయపడి కాదు, నేనెప్పుడూ ప్రాణమే ఒడ్డుతాను, చెయ్యికి బదులు అదైతే కుదరదా అని. అప్పుడు వాడికి తెలుస్తుంది, తన ఎదురుగా ఆడుతున్నది ఎవరో. తన ఎడమ చెయ్యి తనే పీకేసుకుని "దీంతో క్షమించు" అంటాడు.

అక్కడ మామ్మ ఏమీ అనలేదు. ఒక పిక్క తీసి పక్క గుంటలో వేసింది, అంతే.

ఆగు, అమ్మ పిలుస్తోంది.

వచ్చాను. గ్యాస్ బండ వచ్చింది. ఎక్కడున్నాను? ఆఁ, గద్ద. రాత్రిపూట ఒక పెద్ద పక్షి కొముగి మీద పడి పొడుస్తుంటే రాజు వచ్చి దాన్ని చంపి, ఎందుకు పిలవలేదని అడుగుతాడు. మీకు ఇబ్బంది కదా అంటుంది. నువ్వు నాకు ముఖ్యమైన అతిథివి అంటాడు. అంతే, ఆ పిల్ల భోరున ఏడుస్తుంది, పుట్టి బుద్ధెరిగాక తనతో ఎవరూ అలా మాట్లాడలేదని. వాడికేమో ఆ ఏడుపు అర్థం కాదు. నిన్నటిదాకా మనుషుల్ని కూరగాయల్లా చూసినవాడు ఈ ఏడుపు ముందు బిక్కమొహం వేసుకుని నిలబడిపోతాడు. "నేనెవణ్ణి?" అని వాడు మొదలెట్టేది ఇక్కణ్ణించే. పేరు లేని రాజు, అరువు తెచ్చుకున్న కోట. మీ పేరేమిటని ఆమె అడిగితే జవాబు చెప్పలేకపోతాడు. నన్నడిగితే మనుషుల తరఫున వచ్చిన ఆ ముసలి నెటెరోతో యుద్ధం కన్నా ఇదే పెద్ద దెబ్బ. నువ్వు ఒప్పుకోవని తెలుసు.

అన్నట్టు నెటెరో, ఆ బాంబు, దాని విషం, అదంతా మామ్మకి రెండు ముక్కల్లో తేల్చేశాను. "బాంబు పడింది మామ్మా, వాడు బతికాడు గానీ ఒళ్ళంతా విషం, పక్కనున్నవాళ్ళకి కూడా అంటుకుంటుంది" అన్నాను. మధ్యలో రాజు కాపలావాళ్ళలో ఒకడు, పూఫ్ అనేవాడు, కొముగి సంగతి రాజుకి గుర్తు రానివ్వకుండా దాచిపెడతాడని చెబితే, "ఆడెవడు, దరిద్రుడు?" అంది. నా ఫ్రెండే అన్నాను. ఆవకాయ జాడీ ఇరవై రోజులు బీరువా వెనకాల దాచినవాడివి, నీకా పేరు ఊరికే రాలేదు.

ఇంక చివరి ఘట్టం. ఇక్కడ చదవడం కన్నా తెలుగు చెయ్యడమే నాకు పెద్ద టెన్షన్ అయిపోయింది. రాజు తనని తాను "యో" అనుకుంటాడు కదా, పాతకాలం రాజుల మాట. దాన్ని "మేము" అన్నాను మొదట. "మేము కొంత అలసితిమి, మాకు నిద్ర వచ్చుచున్నది" అని చదివేసరికి మామ్మ విరగబడి నవ్వింది. "సురభోళ్ళ నాటకమేట్రా?" అంది. నేనూ నవ్వాను. చీకట్లో ఇద్దరం అలా నవ్వుతుంటే ఎదురింటి వాళ్ళు కరెంటొచ్చిందా అని అరిచారు. "మేము" తీసేసి "నేను" పెట్టాను. మామ్మ మళ్ళీ గంభీరంగా అయిపోయింది.

కొముగిది ఇంకో చిక్కు. ఆమెది పల్లెటూరి యాస. ఇంగ్లీషులో చదివినప్పుడు మనకి అది అంతగా తెలియలేదు. జపానులో ప్రతి మాటా నమిలినట్టు, ముక్కుతో మాట్లాడినట్టు ఉంటుంది. అక్కడి పాఠకులకి మొదట అది నవ్వు కోసం పెట్టినట్టే అనిపిస్తుంది, మన సినిమాల్లో మా శ్రీకాకుళం యాసని పనివాళ్ళకీ కమెడియన్లకీ పెట్టినట్టు. ఆ నవ్వు వచ్చే యాసలోనే ఈ మొత్తం కథలో అందరికన్నా పెద్ద మాటలు చెప్పించాడు తొగాషి. అది చూశాక నేను కొముగి మాటల్ని పుస్తకం తెలుగులో చెప్పడం మానేసి, అర్థం చెప్పి మామ్మనే అడగడం మొదలెట్టాను. "మామ్మా, నా పక్కన ఉంటే నువ్వు చచ్చిపోతావని రాజు చెప్పాడు. ఆ పిల్ల వెళ్ళనంది. ఎలా అంటుంది?"

జపానులో ఆమె అనే మాట, కొత్త పెళ్ళికూతురు అత్తారింట్లో అనే మాట. ఏమీ తెలియనిదాన్ని, అయినా తోడు రానివ్వండి అని. అది మామ్మకి నేను చెప్పలేదు. ఊరికే అడిగాను. కాసేపు ఆగి అంది:

"నాకేటీ తెలీదు బాబూ. నీ కూడా వత్తాను."

పూఫ్, నాకు ఒళ్ళు జలదరించింది. పదహారేళ్ళకి కాపరానికొచ్చిన మనిషి. ఆ మాట ఎక్కణ్ణించి తెచ్చిందో నేను అడగలేదు.

తర్వాత పేజీలు నీకు తెలుసు. గళ్ళు మొత్తం నలుపు. బొమ్మ లేదు, ఉత్త మాటలే. మనం అనిమే 135వ ఎపిసోడ్ ఒకే ఇయర్‌ఫోన్ చెరో చెవిలో పెట్టుకుని చూసి, వాష్‌రూమ్‌కి వెళ్ళొస్తానని ఒకడి తర్వాత ఒకడు లేచిపోయాం చూడు, అదే ఇది. కాగితం మీద ఇంకా దారుణంగా ఉంటుంది. రాజుకి చూపు పోయింది, ఆమెకి మొదట్నుంచీ లేదు, మనకీ లేకుండా చేసేశాడు. "మామ్మా, ఇక్కడ బొమ్మల్లేవు. అంతా నలుపే" అన్నాను.

"అయితే నీకూ నాకూ ఒకటేలే. సదువు" అంది.

చదివాను.

"కొముగీ, ఉన్నావా?"

ఇక్కడ నువ్వొకటి గమనించాలి. ఇంగ్లీషులో ఇది ఫోనులో లైను కట్టయినప్పుడు అడిగే మాటలా ఉంది. జపానులో "ఇరు కా" అంటాడు. తెలుగులో అచ్చం అదే, ఉన్నావా. మనం పెద్దవాళ్ళ గురించి "ఆయన ఉన్నారా?" అని అడిగితే దాని అర్థం ఏమిటో నీకు తెలుసు కదా. వాడు ఆ ఒక్క మాటలో ఆ రెండూ అడుగుతున్నాడు. ఇంకో సంగతి. మామ్మ చూపు పోయినప్పట్నుంచీ రాత్రి పడుకునే ముందు రోజూ అదే అడుగుతుంది. "బాబూ, ఉన్నావా?" అని. నేను పక్క మంచం మీద ఫోన్ చూసుకుంటూ "ఊఁ" అంటాను. మూడేళ్ళుగా అంటున్నాను "ఊఁ". ఎందుకడుగుతోందో ఏనాడూ...

సరే. చదివాను. ఉన్నావా? ఉన్నానండి. నేను నిన్ను ఒక్కసారీ గెలవలేకపోయాను. అదేం మాట, ఆట ఇప్పుడే కదా మొదలైంది. కొంచెం అలసిపోయాను, కాసేపు నిద్రపోతాను, చెయ్యి పట్టుకునే ఉంటావా? మళ్ళీ, ఉన్నావా? ఉన్నాను, ఎక్కడికీ వెళ్ళను. చివరిగా ఒక్కటి, నన్ను పేరు పెట్టి పిలుస్తావా?

అక్కడ ఆగిపోయాను. దానికి ఆమె చెప్పే జవాబు "ఒయాసుమినసాయ్, మెరుఎమ్". అప్పటిదాకా పేరు చివర "సమ", అంటే మన "గారు" లాంటిది, పెట్టి పిలిచిన పిల్ల, ఆ ఒక్కసారి ఉత్త పేరుతో పిలుస్తుంది. ఒయాసుమినసాయ్‌ని తెలుగులో ఏమంటాం? శుభరాత్రి అంటే గులాబీపువ్వుతో పొద్దుపోయాక వచ్చే వాట్సాప్ ఫొటో గుర్తొస్తుంది. గుడ్‌నైట్ అంటే దోమల మందు. నిజంగా అడుగుతున్నాను, మనింట్లో ఎవరైనా ఎవరికైనా శుభరాత్రి చెప్పారా ఎప్పుడైనా?

"మామ్మా, వాడు చచ్చిపోతున్నాడు, నిద్రొస్తోందంటున్నాడు. ఆ పిల్ల వాణ్ణి పేరు పెట్టి పిలిచి ఏమనాలి?"

మామ్మ ఆలోచించలేదురా. చేత్తో తడుముకుని నా తల మీద చెయ్యేసి, చిన్నప్పుడు జ్వరమొస్తే అన్నట్టే అంది.

"తొంగో, మెరువమ్మా."

అవును, మెరుఎమ్ కాదు, మెరువమ్మ అనే వినపడింది ఆవిడకి మొదట్నుంచీ. నేను దిద్దలేదు. రాజు కదా, గారు అనక్కర్లేదా అంటే, "నిద్దరోయేవోడికి గారేటి?" అంది. తొగాషి ఆ "సమ" ఎందుకు తీసేశాడో దీనికన్నా బాగా ఎవరైనా చెబితే నాకు రాయి.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. ఉత్తరం కూడా అందంగా ఉండేది. కానీ నీకు అబద్ధం చెప్పలేను. మామ్మకి ఒకటి చెప్పకుండా దాటేశాను. వాడు మొదట్లో ఒక పసిబిడ్డని చంపుతాడు కదా, ఏ కారణమూ లేకుండా. తర్వాత కొముగిని చూశాకే వాడికి తోస్తుంది, ఆ బిడ్డ కూడా ఏదో ఒక దాంట్లో నన్ను మించిపోయేదేమో, నేను ఆటగా చంపేశానే అని. వాడు మారడానికి అసలు మూలం ఆ ఆలోచనే. అది చెప్పకపోతే కథే లేదు. చెబితే మామ్మ "తొంగో" అనదేమోనని భయమేసి దాటేశాను. గుప్పిట్లో చింతపిక్క దాచినట్టు.

ఇవాళ పొద్దున్న పళ్ళు తోముకుంటూ చెప్పేశాను. ఆవిడ వినింది. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అంది, "బిడ్డని సంపినోడికి జోలపాట పాడించినావురా నా సేత."

నాకు గొంతులో ఏదో అడ్డం పడినట్టయింది. అది కథేలే మామ్మా అన్నాను, వెధవ మాట. ఆవిడ వామనగుంటల పీట తీసి గోడకి ఆనించేసింది. మధ్యాహ్నం పెరుగన్నం కూడా సగమే తినింది. అమ్మ నన్ను ఏం చేశావురా అని అడుగుతోంది. ఏం చెప్పను, జపాను చీమ వల్ల గొడవైందని చెప్పనా? మనం హాస్టల్లో వాడు మంచోడా చెడ్డోడా అని రెండు గంటల దాకా కొట్టుకునేవాళ్ళం. ఎప్పుడూ మనకి అన్నం సహించకుండా పోలేదు కదరా.

ఇంతకుముందే, అంటే నేనీ ఉత్తరం మొదలెట్టే ముందు, కునుకు తీసి లేచి పిలిచింది. "బాబూ, ఉన్నావా?" అని.

ఈసారి "ఊఁ" అనలేదు. వెళ్ళి పక్కన కూర్చుని ఉన్నాను మామ్మా అన్నాను.

"ఆ సీమలోడి కత మొదట్నుంచి సదువు. దాటెయ్యకుండా సదువు. ఆ బిడ్డ దగ్గర నేనేటంటానో నాకే సూడాలనుంది" అంది. ఆటలో చివరికి ఎవరు నెగ్గారని కూడా అడిగింది. కొముగే అన్నాను. "మరేటి" అంది, పీట మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంటూ.

కాబట్టి నీ దగ్గరున్న ఇంగ్లీషువి, 18 నుంచి 29 దాకా, పన్నెండు పుస్తకాలూ పంపు. 25వ దాని మీద నువ్వు ఒలకబోసిన సాంబారు మరక ఉందని తెలుసు, పర్వాలేదు, అదీ పంపు. ఊరి అడ్రసుకే పంపు, విశాఖ వద్దు. నేను ప్రతి శనివారం వస్తాను. ఇంకో సంగతి చెప్పాలి, ఆ నెటెరో బాంబు పేరు "పేదవాడి గులాబీ" అని ఉంది కదా, దాని గురించి మామ్మ ఒక మాట అంది, అది రాయాలంటే ఇంకో రెండు పేజీలు

నాన్న బండి స్టార్ట్ చేసేశాడు. రైలు తప్పిపోతుంది. మిగతాది మళ్ళీ రాస్తాను. పుస్తకాలు మర్చిపోకు.

నీ
యూపీ